‘సెకండ్ కోరస్’ డీవీడీ కొనేవాళ్లు జాగ్రత్త: ఆస్టెయిర్ పాదాలే కనిపించని కాపీ అంటగడుతున్నారు

పాత హాలీవుడ్ మ్యూజికల్స్, అంటే పాటలూ డాన్సులే ప్రాణమైన సినిమాలు, కొని దాచుకునే మిత్రులకు ఒక హెచ్చరిక. 1940లో వచ్చిన ‘సెకండ్ కోరస్’ డీవీడీ ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అట్ట మీద డాన్స్‌కి పేరుమోసిన హీరో ఫ్రెడ్ ఆస్టెయిర్, హీరోయిన్ పాలెట్ గొడార్డ్‌ల రంగుల బొమ్మ, దాని కింద ‘పూర్తిగా రీస్టోర్ చేసిన వైడ్‌స్క్రీన్ ప్రింట్’ అని పెద్ద అక్షరాలు. పైన పటారం, లోన లొటారం. దయచేసి కొనకండి.

‘వైడ్‌స్క్రీన్’ అన్న మాట దగ్గరే మీకు అనుమానం రావాలి. హాలీవుడ్‌లో వైడ్‌స్క్రీన్, అంటే వెడల్పాటి తెర, స్థిరపడింది 1953 తర్వాత. అంతకుముందు సినిమాలు దాదాపు అన్నీ మన పాత టీవీ తెర ఆకారానికి దగ్గరగా ఉండేవి. అలాంటి బొమ్మను ఇప్పటి టీవీకి నిండుగా సరిపెట్టాలంటే పైనా కిందా కోసేయాలి. ఎత్తులో దాదాపు పావు వంతు పోతుంది. వేరే సినిమా అయితే సర్దుకుపోదాం అనుకోవచ్చు. ఇక్కడ డాన్స్ చేస్తున్నది ఆస్టెయిర్! తాను డాన్స్ చేస్తుంటే తల నుంచి పాదాల దాకా మొత్తం మనిషి ఫ్రేములో ఉండాలని కెరీర్ పొడవునా పట్టుబట్టిన మనిషి. ఆయన, గొడార్డ్ కలిసి చేసే ‘ఐ ఎయింట్ హెప్ టు దట్ స్టెప్’ పాటలో డాన్స్ మొత్తం కట్ లేకుండా ఒకే షాట్‌లో సాగుతుంది. ఈ డిస్కులో ఆ పాటంతా చీలమండల దగ్గర తెగిపోయింది. చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడు చేసే బూట్లు మాత్రం కనిపించవు. మధ్యలో ఒకచోట బొమ్మ ఎగిరి పడుతుంది, ఆ కాస్త ఫిల్మ్ లేదన్నమాట. ఒకే షాట్‌లో తీసిన డాన్స్‌కి అంతకంటే అన్యాయం ఉండదు.

ధ్వని సంగతి ఇంకా బాధ. కథంతా సంగీతం వాళ్లదే కదా. ఇద్దరు ట్రంపెట్ వాయించేవాళ్లు, కాలేజీ బ్యాండ్ వదులుకోలేక ఏడేళ్లుగా కావాలనే పరీక్షలు తప్పుతూ ఉంటారు. పెద్ద బ్యాండ్‌లో చోటు కోసం ఒకరినొకరు తొక్కుకుంటూ వాళ్లు పడే పాట్లే హాస్యం. ఆస్టెయిర్ ట్రంపెట్ వెనక నిజంగా వాయించింది బాబీ హాకెట్, రెండో ట్రంపెటర్‌గా నటించిన బర్జెస్ మెరెడిత్‌కి వాయించింది బిల్లీ బటర్‌ఫీల్డ్. అప్పటి పేరున్న క్లారినెట్ విద్వాంసుడు, బ్యాండ్ నాయకుడు ఆర్టీ షా ఆర్టీ షాగానే కనిపించి తన బ్యాండ్ నడుపుతాడు. పాటకీ, సంగీతానికీ రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఆస్టెయిర్‌కి ఈ సినిమా అంటే పెద్దగా గిట్టేది కాదు. కథ పల్చన అన్న మాట నేనూ ఒప్పుకుంటాను, కానీ చివర్లో బ్యాండ్ కండక్ట్ చేస్తూనే ఆయన వేసే స్టెప్పుల కోసం ఎన్నిసార్లయినా చూడొచ్చు. ఈ డిస్కులో షా క్లారినెట్ పైస్థాయికి వెళ్లిన ప్రతిసారీ చిరిగిన స్పీకర్‌లోంచి వచ్చినట్టు జీరబోతుంది. వెనక బుస ఆగదు.

అమ్మినవాళ్లని అడిగితే ‘పాత సినిమా కదండీ, అలాగే ఉంటుంది’ అన్నారు. కాదు. పాతదైనంత మాత్రాన పాడవ్వాలని లేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం 28 ఏళ్లకి కాపీరైట్ పొడిగించుకోవాలి. దీనికి ఎవరూ పొడిగించలేదు, 1968తో హక్కులు పోయాయి. అప్పట్నుంచి అక్కడ ఎవరైనా దీన్ని అచ్చేసి అమ్ముకోవచ్చు. మంచి ప్రింట్ వెతికి బాగుచేయడానికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ, చేతికందిన అరిగిపోయిన టేపు నుంచి కాపీ మీద కాపీ తీసేవాళ్లు ఎక్కువ. ‘రీస్టోర్’ అన్న మాట అట్ట మీద వేసుకోకుండా ఆపేవాళ్లు లేరు.

డిస్కు తిప్పి చూడండి. కంపెనీలో అచ్చయిన డీవీడీకి అడుగు భాగం వెండి రంగులో మెరుస్తుంది. నాకు వచ్చినదానికి ఊదారంగు, అంటే ఎవరో కంప్యూటర్‌లో రాసిచ్చినది. వాపసు ఇస్తానంటే ‘సీల్ తీసిన డిస్కు తీసుకోం’ అన్నారు. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు. ఆ తర్వాత మెసేజ్‌లు చూడటమే మానేశారు.

అందుకే కొనేముందు అమ్మేవాళ్లని సినిమాలోంచి ఒక డాన్స్ సీన్ స్క్రీన్‌షాట్ పంపమనండి. పాదాలు కనిపిస్తున్నాయా, పక్కల నల్లటి పట్టీలు ఉన్నాయా చూడండి. పట్టీలు ఉంటే మంచిదే, బొమ్మ కోయలేదని అర్థం. సినిమా ఎలా ఉంటుందో చూద్దామనుకునేవాళ్లకి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, ముందు అక్కడ చూడండి. ఒకే డిస్కులో నాలుగైదు సినిమాలు కుక్కిన సెట్ల జోలికి అసలు పోవద్దు, బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్లు పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి, డిస్కు అడుగు భాగం కూడా అందులో కనిపించాలి. అట్ట మీద రాసినదీ లోపల ఉన్నదీ ఒకటి కాకపోతే, వాళ్లు సీల్ కబుర్లు చెప్పినా వినకుండా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నేను చేయించాను. బిల్లు, అట్ట ఫొటో, వాళ్లు పంపిన మెసేజ్‌లు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.