పాత సర్ఫేస్ గ్రైండర్ స్లైడ్‌వేలు అరిగితే: స్క్రేపింగా, బెడ్ గ్రైండింగా, టర్సైటా?

1943లో సికింద్రాబాదులో మొదలైన ప్రాగా టూల్స్ వంటి సంస్థల నుంచి వచ్చిన పాత సర్ఫేస్ గ్రైండర్లలో (చదునైన ముఖాలను తిరిగే రాయితో నున్నగా అరగదీసే యంత్రాలలో) పోత ఇనుము సాధారణంగా చెడిపోదు. చెడేది దాని మీద రాపిడికి గురయ్యే ముఖాలే, అంటే టేబుల్ జారుతూ నడిచే స్లైడ్‌వేలే. గ్రైండింగ్ రజను కూలెంట్‌తో కలిసి వీ ఆకారపు స్లైడ్‌వేలోకి (వీ-వే), చదునైన దానిలోకి (ఫ్లాట్‌వే) చేరి, టేబుల్ అటూ ఇటూ నడిచిన ప్రతిసారీ కొద్దికొద్దిగా ఇనుమును తినేస్తుంది. టేబుల్‌ను మోసే సాడిల్ దానికంటే పొట్టిగా ఉండే చిన్న యంత్రాలలో, టేబుల్ చివర బయటికి వేలాడినప్పుడు బరువంతా సాడిల్ అంచు మీద పడుతుంది కాబట్టి అంచులు ఎక్కువగా అరిగి మధ్యభాగం ఉబ్బెత్తుగా మిగులుతుంది. గ్రైండ్ చేసిన జాబ్ (పనిముక్క) కూడా ఆ ఉబ్బునే పొందుతుంది.

ఏ పద్ధతి మేలో తేల్చుకునే ముందు అరుగుదలను సరిగా కొలవాలి. చాలామంది స్పిండిల్ హెడ్‌కు (రాయిని తిప్పే భాగానికి) డయల్ గేజ్ తగిలించి, జాబ్‌ను అయస్కాంతంతో పట్టి ఉంచే మాగ్నెటిక్ చక్ మీద నడిపి, ముల్లు కదలలేదని తృప్తిపడతారు. ఆ చక్‌ను అదే యంత్రం మీద గ్రైండ్ చేసి ఉంటే దానికీ స్లైడ్‌వేల వంపే వచ్చి ఉంటుంది గనుక ఆ పరీక్ష ఏమీ చెప్పదు. పలుచని ప్లేటు కూడా చక్ వంపుకు అతుక్కుపోయి, మైక్రోమీటరుకు అన్నిచోట్లా ఒకే మందం చూపిస్తుంది. వంగని మందపాటి దిమ్మెను గ్రైండ్ చేసి, బ్లూ (ఎత్తైన చోట్లకు అంటుకునే నీలి రంగు) పూసిన సర్ఫేస్ ప్లేటు (కచ్చితంగా చదునైన పలక) మీద రుద్ది చూడాలి. నీలం మధ్యలోనే అంటితే ఉబ్బు ఉన్నట్టే. మీటరుకు 0.02 మి.మీ. చూపే స్పిరిట్ లెవెల్‌ను టేబుల్ మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు నడుపుతూ బుడగ కదలికను రాసుకుంటే వంపు ఎక్కడెంత ఉందో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

చేతి స్క్రేపింగ్‌లో, అంటే స్క్రేపర్ అనే చేతి పనిముట్టుతో ఇనుమును గీరి తీయడంలో, పెద్ద సుగుణం, ఎత్తుగా ఉన్న చోటనే ఇనుము తీయడం. బిగింపుల ఒత్తిడి ఉండదు, వేడి పుట్టదు, స్క్రేపర్ వదిలిన చిన్న గుంటలలో ఆయిల్ నిలుస్తుంది. ఒక్కో విడతలో పోయేది కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) కావడం దీని బలమూ బలహీనతా. అరుగుదల కొద్దిగా ఉంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. లోతుగా ఉంటే మేస్త్రీ కూలి యంత్రం విలువనే దాటిపోవచ్చు. ఇక్కడ ఒక విషయాన్ని గట్టిగా చెప్పాలి: కింది ముఖాన్ని, అంటే టేబుల్‌ను మోసే సాడిల్ లేదా బెడ్ (యంత్రపు అడుగు భాగం) ముఖాన్ని, ముందుగా స్ట్రెయిట్ ఎడ్జ్‌తో (తిన్నదనం చూసే పట్టీతో) తిన్నగా తెచ్చాకే టేబుల్‌ను దానికి జత కలపాలి. వంపు తిరిగిన రెండు ముఖాలను ఒకదానితో ఒకటి రుద్దినా నీలం నిండుగానే పడుతుంది, కానీ టేబుల్ విల్లులాగే నడుస్తుంది. వేసవిలో రేకుల షెడ్డులో ఈ పని చేసేవారు తెల్లవారుజామునే కొలతలు తీసుకోవడం మంచిది. పోత ఇనుము డిగ్రీకి, మీటరుకు సుమారు 11 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది కాబట్టి, పైభాగం ఎండవేడికి కాగి కింది భాగం చల్లగా ఉన్న బెడ్ తానే కొంత వంగుతుంది.

బెడ్ గ్రైండింగ్‌లో, అంటే బెడ్‌ను పెద్ద గ్రైండింగ్ యంత్రం మీద అరగదీయించడంలో, పని త్వరగా అవుతుంది, ఎక్కువ లోతు పోయినా ఖర్చు అంతగా పెరగదు. అయితే బెడ్‌ను అది నేల మీద ఏ ఆధారాల మీద కూర్చుంటుందో వాటి మీదే నిలిపి గ్రైండ్ చేయించాలి. మెలితిరిగేలా బిగించి తిన్నగా గ్రైండ్ చేసినది, విప్పగానే మళ్ళీ మెలి తిరుగుతుంది. లెక్క విషయంలోనూ జాగ్రత్త అవసరం. 90 డిగ్రీల వీ-వే రెండు ముఖాల నుంచి ఎంత మందం తీస్తారో దానికి 1.414 రెట్లు ఫ్లాట్‌వే నుంచి తీస్తేనే టేబుల్ ఒకవైపు ఒరగకుండా సమానంగా దిగుతుంది. టేబుల్ దిగినందువల్ల టేబుల్‌ను నడిపే ర్యాక్ (పళ్ళ పట్టీ), పినియన్ (పళ్ళ చక్రం) బిగుసుకోవడం, హైడ్రాలిక్ సిలిండర్ రాడ్ వరుస తప్పడం జరుగుతాయి, వాటినీ సరిచేసుకోవాలి.

టర్సైట్ అంటే కంచుపొడి కలిపిన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పట్టీ. ఎపాక్సీ జిగురుతో పై ముఖానికి అతికించి, ఆరాక స్క్రేప్ చేసి, ఆయిల్ గాడులు తీస్తారు. కోల్పోయిన ఎత్తును తిరిగి ఇవ్వగలగడం, కదలిక మొదలయ్యేటప్పుడు పట్టి విడిచే గుంజుడు లేకపోవడం దీని గొప్ప లాభాలు. అయినా ఇది అరిగిన కింది ముఖాన్ని తిన్నగా చేయదు, ఆ పని ముందే జరగాలి. ఈ సంగతి చెప్పకుండా పట్టీ ఒక్కటే అతికించి అప్పగించే పని మీద డబ్బు పెట్టకూడదు. మెత్తని పట్టీలో రజను గుచ్చుకుంటే ఎదుటి ఇనుమును ఆకురాయిలా గీస్తుందన్న భయం గ్రైండర్‌లో నిజమైనదే. అందుకే దీనిని క్రాస్ స్లైడ్‌కు (టేబుల్‌ను అడ్డంగా ముందుకూ వెనక్కూ జరిపే భాగానికి) సంతోషంగా సిఫారసు చేస్తాను. ఆ కదలిక పొట్టిది, నెమ్మదైనది. కొద్ది మైక్రాన్ల ఫీడ్ ఇచ్చినప్పుడు గుంజుడు లేకపోవడం అక్కడే ఎక్కువ ఉపయోగం. టేబుల్ వీ-వేకు మాత్రం, రజను తుడిచే వైపర్లూ కవర్లూ పక్కాగా ఉంటే తప్ప, ఇనుము మీద ఇనుమే నడవనివ్వాలని నా అభిప్రాయం.

ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలంటే, 20 నుంచి 30 మైక్రాన్ల లోపు అరుగుదలకు స్క్రేపింగ్ చాలు. అది దాటితే పొడవైన కింది ముఖాన్ని గ్రైండ్ చేయించి, టేబుల్‌ను మాత్రం చేతితో స్క్రేప్ చేయించడం ఉత్తమం. గ్రైండింగ్ వల్ల పని తగ్గుతుంది, స్క్రేపింగ్ వల్ల ఆయిల్ నిలిచే ముఖం వస్తుంది.

స్పిండిల్ విషయంలో ఎంపిక కష్టం కాదు: పీ4 తరగతి (అధిక కచ్చితత్వం గల) జత బేరింగులు వేయాలి, మామూలు బేరింగులతో ఆదా చేస్తే ఫినిష్‌లో అలలు కనిపిస్తాయి. క్రాస్ ఫీడ్ స్క్రూ మధ్యలో అరిగి ఉంటే కొత్త నట్ ఒక్కటే వేయడం వృథా. మధ్యలో వదులు పోయేలా చేస్తే చివర్లలో పట్టేస్తుంది. స్క్రూ, నట్ కలిపి మార్చాలి, అదీ స్లైడ్‌వేల పని ముగిసి సాడిల్ కొత్త ఎత్తు తెలిశాకనే నట్ బ్రాకెట్‌ను పిన్ చేయాలి.