గీతలు పడ్డట్టుండే లావు ఫాంట్ కొంటున్నారా, ముందు ఇది చదవండి

చేత్తో అచ్చు గుద్దినట్టు, అంచులు చెదిరి, అక్కడక్కడా సిరా అంటనట్టు కనిపించే లావుపాటి ఫాంట్లు ఉంటాయి కదా, పోస్టర్లకీ పిల్లల పుస్తకాల అట్టలకీ వాడేవి. అలాంటిదొకటి కొని దెబ్బతిన్నాను. పేరు చెప్పడం లేదు, ఈ రకంలో ఏది కొన్నా ఇదే తంటా రావచ్చు.

అమ్మకం పేజీలో బొమ్మలు చూసి నమ్మేశాను. ఒక అక్షరం కాస్త పక్కకి వాలి, ఇంకోటి కాస్త పైకెక్కి, దేని గీతలు దానివే. తీరా ఇన్‌స్టాల్ చేసి ఇంగ్లీష్‌లో 'బుక్' అని టైప్ చేస్తే మధ్యలో రెండు 'ఓ'లూ కవలలు! ఒకే చోట గీత, ఒకే చోట చిల్లు. మామూలు ఫాంట్‌లో అది తప్పు కాదు, కానీ దీనికి ప్రాణమే ఆ తేడా. శ్రద్ధగా చేసేవాళ్ళు ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, అదే అక్షరం పక్కపక్కన వస్తే రెండో రూపం దానంతటదే పడేలా ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్‌లో ఏర్పాటు చేస్తారు, కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ అంటారు. కొందరు చిన్నక్షరాల చోట పెద్దక్షరాలకే ఇంకో రూపం పెడతారు, అదీ పరవాలేదు. నేను కొన్నదాంట్లో రెండూ లేవు, బొమ్మల్లో మాత్రం విడిగా మార్చి చూపించారు.

అసలు దెబ్బ కటింగ్ దగ్గర తగిలింది. స్టిక్కర్ కోసం అక్షరాల్ని అవుట్‌లైన్స్‌గా, అంటే ఉత్త ఆకారాలుగా మారిస్తే, ఒక్క అక్షరం అంచులోనే దాన్ని మలిచే పాయింట్లు వేలల్లో. స్కాన్ చేసిన మరకని ఆటో ట్రేస్ చేసి, అంటే అంచులు సాఫ్ట్‌వేర్‌తోనే గీయించి, శుభ్రం చేయకుండా అలాగే ఫాంట్‌లో పెట్టేస్తే ఇలాగే ఉంటుంది. కంప్యూటర్ కదల్లేదు, ప్లాటర్ (స్టిక్కర్లు కోసే మెషీన్) బ్లేడు ఆవగింజంత చుక్కల చుట్టూ తిరిగి వినైల్ స్టిక్కర్ షీటుని చింపేసింది. పొద్దున్నే ఇవ్వాల్సిన పని, రాత్రంతా టెన్షన్. చివరికి సాదా ఫాంట్‌తో కోసి ఇచ్చాను. డబ్బు వెనక్కి అడిగితే, డౌన్‌లోడ్ అయిపోయాక రీఫండ్ ఉండదన్నారు.

అందుకే చెప్తున్నా, టైప్ చేసి చూసుకునే పెట్టె ఉంటే మీ సొంత మాటే కొట్టండి, జంట అక్షరాలున్న మాటైతే ఇంకా మంచిది. ఇంగ్లీష్ 'ఏ' పక్కన 'వి' పెట్టి మధ్య ఖాళీ చూడండి, కెర్నింగ్ (అక్షరాల జతల మధ్య ఖాళీ సర్దడం) చేయలేదంటే అక్కడే తేలిపోతుంది. అంకెలు, గుర్తులు ఉన్నాయా, ఆల్టర్నేట్స్ ఎన్ని, కటింగ్‌కి పనికొస్తుందా అని అమ్మేవాళ్ళనే అడగండి. లైసెన్స్ కూడా చూసుకోండి, చాలాచోట్ల డెస్క్‌టాప్‌కి వేరు, వెబ్‌కి వేరు.

ఇప్పటికే కొనేసి ఉంటే కాగితం మీద ప్రింట్‌కి వాడుకోండి. జంట 'ఓ'లు వస్తే అవుట్‌లైన్స్ చేసి ఒకదాన్ని 180 డిగ్రీలు తిప్పండి, గీతల చోటు మారుతుంది. 'ఎస్', 'ఎక్స్' కూడా చాలావరకు అలా సరిపోతాయి, 'ఈ'కి మాత్రం ఒకదాని మీద గీతలు చేత్తో చెరపాల్సిందే.