కాళ్లెత్తి పెట్టుకునే ఆసరా: ఫోమ్ దిమ్మా, మడత చెక్కా?

వాచిన కాలిని గుండె కంటే ఎత్తులో ఉంచితే సిరల్లోని రక్తమూ, కణజాలంలో చేరిన నీరూ భూమ్యాకర్షణ సాయంతో వెనక్కి మళ్లుతాయి. ఇందుకు ఏటవాలుగా కోసిన ఫోమ్ దిమ్మ ఒక మార్గం. మడత బందులతో లేచే పలక, గాళ్లలో ఆని దాన్ని నిలబెట్టే ఊతకర్ర ఉన్న మడత చెక్క రెండో మార్గం.

దిమ్మ తేలిక, చవక. కాకపోతే దాని ఎత్తు మార్చలేం; పైగా రెండు కాళ్లూ కలిపి శరీర బరువులో సుమారు మూడో వంతు ఉంటాయి కనుక, మెత్తని ఫోమ్ వాడకంలో కుంగిపోతుంది.

మడత చెక్కలో లెక్క తేటగా ఉంటుంది. 60 సెంటీమీటర్ల పలకను 15 డిగ్రీలకు లేపితే దాని కొస సుమారు 15.5 సెంటీమీటర్లు, 20 డిగ్రీలకు 20.5, 30 డిగ్రీలకు సరిగ్గా 30 సెంటీమీటర్లు లేస్తుంది కాబట్టి, వాపు తగ్గేకొద్దీ ఊతకర్రను ఒక్కో గాడి దించుకోవచ్చు. చిక్కంతా ఊతకర్ర దగ్గరే ఉంది: గాడి లోతు చాలకపోతే, నిద్రలో కాలు కదిలినప్పుడు కర్ర జారి, దెబ్బ తగిలిన కాలే దబ్బున కింద పడుతుంది. గట్టి చెక్క మడమను ఒత్తి పుండుకు దారితీయవచ్చు గనుక, పైన రెండంగుళాల ఫోమ్ పరిచి, మడమ దేనికీ ఆనకుండా దాన్ని పిక్క దగ్గరే ఆపేయాలి.

రోజంతా నిలబడి అలసిన కాళ్లకు దిమ్మే చాలు, దానికోసం వడ్రంగిని పిలవడం దండగ. సిమెంటు కట్టు వేసిన కాలికి మాత్రం నేను చెక్కనే ఎంచుకుంటాను. కాళ్ల ధమనులు పూడుకుపోయినవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ రెండింటిలో దేన్నీ వాడకూడదు.