మొండి ఫోల్డర్‌ను వదిలించే టూల్స్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

డిలీట్ కానని మొండికేసే ఫోల్డర్లతో మా ఇంటి కంప్యూటర్‌లో చాలా ఏళ్లుగా వేగుతున్నాను. మొదట్లో లాక్‌హంటర్ వాడాను. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో వచ్చే ఫైల్ లాక్‌స్మిత్‌కు మారాను. మధ్యమధ్యలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, తప్పనప్పుడు ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్. ముందే తేల్చి చెప్పేస్తాను: బలవంతంగా డిలీట్ చేసే టూల్ కన్నా, ఫోల్డర్‌ను ఎవరు పట్టుకుని కూర్చున్నారో చూపించే టూల్ మేలు. ఆ లెక్కన నా ఓటు ఫైల్ లాక్‌స్మిత్‌కే. కాకపోతే సగం కేసుల్లో దానికి అసలు పనే ఉండదు. ఆ సంగతి తెలియకే జనం టూల్ మీద టూల్ ఎక్కించి కంప్యూటర్‌ను బరువు చేసుకుంటారు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాలన్నీ ఒడియా, కంప్యూటర్ ఇంగ్లీషు. అందుకే మా ఫోల్డర్ల పేర్లు మూడు భాషల్లోనూ ఉంటాయి. పొలం కాగితాల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి వీడియోలు అన్నీ ఒకే సిస్టమ్‌లో. పాతపట్నం చుట్టాలు కూడా పండక్కి వస్తే ల్యాప్‌టాప్ పట్టుకొస్తారు. "ఏటి మావయ్యా, ఎంత కొట్టినా పోదేటి ఇది?" అని మా మేనల్లుడు అడిగితే, ముందు నేనడిగేది ఒక్కటే: మెసేజ్ ఏమని వస్తోందిరా?

మెసేజ్ చదవడమే సగం పని. ఫోల్డర్ లాక్ అయిందని మనం ఒకే మాట అంటాం గానీ విండోస్ చెప్పే కారణాలు వేరువేరు. వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది అంటే ఒక జబ్బు. నీకు పర్మిషన్ లేదు అంటే ఇంకొకటి. ఈ ఐటమ్ దొరకలేదు అనో, పేరు మరీ పొడుగైంది అనో అంటే మూడోది. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

మొదటి రకం దగ్గరే లాక్‌హంటర్, ఫైల్ లాక్‌స్మిత్ అక్కరకొస్తాయి. పెళ్లి వీడియోల ఫోల్డర్ విషయంలో చూసింది చెబుతాను. వీడియో ప్లేయర్ మూసేశాం, టాస్క్‌బార్‌లో ఏమీ లేదు, అయినా తెరిచే ఉంది అంటోంది విండోస్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫైల్ లాక్‌స్మిత్ ఎంచుకుంటే చిన్న కిటికీ తెరుచుకుంది. ఫోల్డర్‌ను పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు, పక్కనే ఎండ్ టాస్క్ బటన్. ఆ వరసను విప్పితే ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్) నంబరు, దాన్ని నడుపుతున్న యూజర్, పట్టుకున్న ఫైళ్ల జాబితా. మూసేశామనుకున్న ప్లేయరే వెనకాల ఊపిరి పీలుస్తోంది. ఎండ్ టాస్క్ నొక్కి, మామూలుగా డిలీట్ కొడితే పోయింది. బలప్రయోగం అక్కర్లేకపోయింది.

జాబితా ఖాళీగా కనిపిస్తే వెంటనే టూల్‌ను తిట్టుకోకండి. అదే కిటికీలో అడ్మినిస్ట్రేటర్‌గా మళ్ళీ తెరిచే బటన్ ఉంటుంది. అది నొక్కితేనే ఇతర యూజర్ల ప్రాసెస్‌లూ, సిస్టమ్ ప్రాసెస్‌లూ కనిపిస్తాయి. పిల్లల అకౌంట్ లాగౌట్ కాకుండా స్విచ్ యూజర్‌లో ఉండిపోయిన ఇళ్లలో దొంగ ఎక్కువగా అక్కడే దొరుకుతాడు. యాంటీవైరస్ స్కాన్, ఫొటోల థంబ్‌నెయిల్స్ తయారుచేసే ఎక్స్‌ప్లోరర్, వన్‌డ్రైవ్ సింక్, ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉన్న కమాండ్ ప్రాంప్ట్ కిటికీ, ఇవే నాకు తరచుగా తగిలినవి.

ఫైల్ లాక్‌స్మిత్ పవర్‌టాయ్స్‌లోకి 2022లో వచ్చింది. ఉచితం. అయితే విండోస్ 10లో కొత్త వెర్షన్లు గానీ, 11 గానీ ఉండాలి. పైగా ఈ ఒక్క పని కోసం పవర్‌టాయ్స్ మొత్తం ఎక్కించుకోవాలి. పాత సిస్టమ్‌కు అది బరువే. ఎక్కించాక మనకు అక్కర్లేనివి సెట్టింగ్స్‌లో ఆపేస్తే తేలికపడుతుంది. నేనలాగే ఉంచుకున్నాను.

లాక్‌హంటర్‌కూ డబ్బు కట్టనక్కర్లేదు, పాత విండోస్‌లలోనూ నడుస్తుంది. ఇందులో నాకు నచ్చినది, డిలీట్ చేసినదాన్ని రీసైకిల్ బిన్‌లోకి పంపడం. తొందరపడితే వెనక్కి తెచ్చుకోవచ్చు. పొలం కాగితాలు ఉన్న ఇంటికి ఆ భరోసా చిన్నది కాదు. ఇప్పుడు కుదరకపోతే తర్వాతి రీస్టార్ట్‌లో డిలీట్ చేసే సదుపాయం కూడా ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. ఇలా వాయిదా వేసిన పనులను విండోస్ ఒక జాబితాలో రాసుకుని, తర్వాత లేచేటప్పుడు, మిగతా ప్రోగ్రామ్‌లు మొదలవకముందే చేస్తుంది. కానీ విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా పడుకోదు, విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌ను హైబర్నేట్ చేసి, అంటే డిస్క్‌లో ఉన్నదున్నట్టు దాచి పెట్టుకుంటుంది. మర్నాడు పవర్ బటన్ నొక్కితే అక్కడి నుంచే లేస్తుంది, జాబితా జోలికి పోదు. రాత్రి ఆపి పొద్దున్న వేసే అలవాటున్న ఇళ్లలో టూల్ పనిచేయలేదని అనుకోవడానికి ఇదే కారణం. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ అనే నొక్కాలి. ఆ ఒక్క తేడాతో పని అయిపోయిన సందర్భాలు నా చేతుల మీదుగానే ఉన్నాయి.

ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్లది. ఫైండ్ మెనూలో ఫైండ్ హ్యాండిల్ ఆర్ డీఎల్‌ఎల్ తెరిచి ఫోల్డర్ పేరు కొడితే ఏ ప్రాసెస్ పట్టుకుందో చెబుతుంది. చాలా శక్తిగలది, అందుకే ఇంట్లో అందరి చేతికీ ఇవ్వను. ఇందులో హ్యాండిల్‌ను, అంటే ప్రోగ్రామ్ ఫైల్‌ను పట్టుకున్న పట్టును, మాత్రమే మూసే వీలుంది. అంటే ప్రోగ్రామ్‌ను ఆపకుండా దాని చేతిలోని ఫైల్‌ను లాగేసుకోవడం. ఆ ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. ఫైల్ ఇంకా తన దగ్గరే ఉందనుకుని రాస్తూ పోతుంది. ఈలోగా అదే హ్యాండిల్ నంబరు ఇంకో ఫైల్‌కు దక్కితే రాత అందులోకి పోతుంది. నా సలహా: హ్యాండిల్ లాగేయకండి, ప్రోగ్రామ్‌నే మూసేయండి. ఏమీ ఇన్‌స్టాల్ చేయడం ఇష్టంలేని వాళ్లకు విండోస్‌లోనే రిసోర్స్ మానిటర్ ఉంది. సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర పేరు వెతికితే చాలు.

రెండో రకం పర్మిషన్ గొడవ. పాత హార్డ్‌డిస్క్‌ను కొత్త సిస్టమ్‌లో తగిలించుకున్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. మాకూ అలాగే వచ్చింది: కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ వేయించి, పాత డిస్క్‌ను డీ డ్రైవ్‌గా పెట్టుకున్నాం. అందులోని పాత యూజర్ ఫోల్డర్ ఎంతకీ పోదు. పేరు అదే, పాస్‌వర్డ్ అదే, మనిషీ అదే. కానీ విండోస్ పేరు చూడదు. ప్రతి అకౌంట్‌కూ మామూలుగా ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొత్తగా విండోస్ వేస్తే అదే పేరుకు కొత్త సంఖ్య వస్తుంది. పాత ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే పేరు ఉండాల్సిన చోట ఆ సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. యజమాని లేని ఇల్లన్నమాట. ఇక్కడ లాక్‌హంటర్ నాకు ఏ సాయమూ చేయలేదు. పట్టుకున్నవాడే లేనప్పుడు అది మాత్రం ఎవరిని చూపిస్తుంది?

దీనికి కమాండ్ ప్రాంప్ట్‌ను రైట్ క్లిక్‌తో అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. ముందు టేక్‌ఓన్ కమాండ్, స్లాష్ ఎఫ్ పెట్టి ఫోల్డర్ దారి (అది ఎక్కడుందో చెప్పే పూర్తి చిరునామా), లోపలివన్నీ కలిసేలా స్లాష్ ఆర్. దాంతో ఫోల్డర్ మన పేరు మీదికి వస్తుంది. తర్వాత ఐక్యాకల్స్ కమాండ్‌తో స్లాష్ గ్రాంట్ ఇచ్చి, మన అకౌంట్‌కు పూర్తి హక్కు రాసుకోవాలి, చివర స్లాష్ టీ. ఈ వరస మారకూడదు. యజమాని అయ్యాకే హక్కులు మార్చే అధికారం వస్తుంది. ఆపైన ఆర్‌డీ కమాండ్‌కు స్లాష్ ఎస్ పెడితే మొత్తం ఫోల్డర్ తుడిచిపెట్టుకుపోతుంది. ఇది రీసైకిల్ బిన్‌కు వెళ్లదు. ఎంటర్ నొక్కేముందు దారి మళ్ళీ చదవండి.

తెలుగులో పేర్లు పెట్టే మనలాంటి వాళ్లకు ఇంకో ఇబ్బంది: పాత కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో తెలుగు అక్షరాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. టైప్ చేసి లాభం లేదు. షిఫ్ట్ పట్టుకుని ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే కాపీ యాజ్ పాత్ అని వస్తుంది. అది తెచ్చి పేస్ట్ చేయండి. కంటికి గళ్లే అయినా లోపల దారి సరిగానే ఉంటుంది.

ఈ రెండో పద్ధతిని విండోస్ సొంత ఫోల్డర్ల మీద మాత్రం ఎప్పుడూ వాడకండి. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ (విండోస్ తన సొంత ఫైళ్లకు పెట్టుకున్న యజమాని) అనుమతి కావాలని మెసేజ్ వస్తే అక్కడితో ఆగిపోవాలి. పాత విండోస్ మిగిలిపోయిన విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ జాగా తినేస్తోందనుకుంటే డిస్క్ క్లీనప్ నుంచి తీయండి. దానికి ఏ టూలూ అక్కర్లేదు.

మూడో రకం గురించి తెలుగువాళ్లు ఎక్కువ తెలుసుకోవాలి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌కు ఫైల్ దారి మొత్తం 260 అక్షరాలు దాటకూడదు. డ్రైవ్ పేరు నుంచి ఫైల్ చివరి చుక్క తర్వాతి భాగం దాకా అన్నీ లెక్కే. ఇంగ్లీషు పేర్లకు ఇది చాలా ఎక్కువ. మనకు కాదు. పర్లాకిమిడి అని రాస్తే మన కంటికి ఐదక్షరాలు. విండోస్ మాత్రం గుడి, దీర్ఘం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కపెట్టి 11 అంటుంది. ఒడియా పేర్లదీ ఇదే కథ. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ, ప్రతిదానికీ ఊరి పేరూ సంవత్సరమూ సందర్భమూ రాసుకుంటే పరిమితి ఎప్పుడు దాటిందో తెలియదు. దాటాక పైనున్న ఫోల్డర్ పేరును కొంచెం పొడిగించినా లోపలివన్నీ చేజారతాయి. తెరవలేం, డిలీట్ చేయలేం.

దీనికి నేను చేసేది తేలికైన పని. పై నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫోల్డర్ పేరును ఒకే ఇంగ్లీషు అక్షరానికి కుదిస్తాను. దారి పొట్టిదవుతుంది, డిలీట్ మామూలుగా పనిచేస్తుంది. లోపల చాలా ఉంటే 7-జిప్ ఫైల్ మేనేజర్‌లో తెరిచి షిఫ్ట్ డిలీట్ కొడతాను, అది పొడుగు దారులను లెక్కచేయదు. విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ కమాండ్‌తో ఖాళీ ఫోల్డర్‌ను దానిమీద మిర్రర్ చేసే, అంటే దాన్నీ అలాగే ఖాళీగా మార్చే, పద్ధతి కూడా ఉంది. కానీ రెండు పేర్లూ తారుమారైతే ఏది ఖాళీ అవుతుందో ఆలోచించండి. నేను ఇతరులకు చెప్పను.

పేరు చివర చుక్కో ఖాళీయో ఉన్న ఫోల్డర్లు కూడా ఈ కోవలోవే. వేరే సిస్టమ్‌లో తయారై పెన్‌డ్రైవ్ మీద వస్తుంటాయి. ఐటమ్ దొరకలేదు అంటుంది గానీ కళ్లెదురుగానే ఉంటుంది. ఆర్‌డీ కమాండ్‌లో దారికి ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ప్రశ్న గుర్తు, ఇంకో బ్యాక్‌స్లాష్ తగిలించి, మొత్తం కోట్స్‌లో పెట్టండి. అప్పుడు విండోస్ పేరును సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు తీసుకుంటుంది.

ఈ మూడింటిలో దేనికీ చెందనిది కరెంటు దెబ్బ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను, అటు శ్రీకాకుళాన్ని కుదిపేసినప్పుడు, కాపీ నడుస్తుండగానే కరెంటు పోయింది. కరెంటు తిరిగొచ్చాక చూస్తే ఆ ఫోల్డర్ పాడైంది, చదవడం కుదరదు అని మెసేజ్. దీన్ని టూల్స్‌తో పీకకూడదు. చెక్‌డిస్క్ కమాండ్‌కు డ్రైవ్ పేరు, స్లాష్ ఎఫ్ ఇచ్చి నడిపితే అదే సరిచేసింది, ఆ తర్వాత ఫోల్డర్ మామూలుగా డిలీట్ అయింది. డిస్క్ వింత చప్పుడు చేస్తుంటే మాత్రం ముందు ఫొటోలూ కాగితాలూ వేరే చోటికి కాపీ చేసుకోండి, చెక్‌డిస్క్ తర్వాత. నేను ఆ తర్వాతే ఇంటికి యూపీఎస్ కొన్నాను.

లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి తీసేయమని చాలామంది చెబుతారు. పనిచేస్తుంది, విండోస్ పర్మిషన్లు అక్కడ అడ్డురావు. కానీ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే డ్రైవ్ హైబర్నేట్ స్థితిలో ఉండి, లినక్స్‌లో చదవడానికే తప్ప రాయడానికి వీలివ్వదు. ముందు విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకునే మొదలుపెట్టాలి. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌కు ఆ కీ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు, అందుకే దాని మీద ఆ పద్ధతి నేను చేయనన్నాను.