బ్రౌజర్‌స్టాక్: ఐఫోను లేకుండానే ఐఫోనులో పరీక్ష

నా దగ్గర ఐఫోను లేదు. హనుమకొండలో ఒక హాస్టల్‌కు నేను తయారుచేసిన ప్రవేశ దరఖాస్తు ఫారం క్రోమ్‌లో చక్కగా నడిచేది. ఐఫోను వాడే తల్లిదండ్రులు మాత్రం "పేరు రాయబోతే పేజీ పక్కకు పోతోందండీ" అనేవారు. అందుకే, 2011లో ముంబయిలో మొదలైన బ్రౌజర్‌స్టాక్ సేవను తీసుకున్నాను. ఎక్కడో ఉన్న అసలైన ఫోన్లను ఇందులో మన కంప్యూటర్ నుంచే నడపవచ్చు.

ఐఫోను బ్రౌజర్ సఫారిలో పేరు గడిని తాకగానే పేజీ ఉబ్బి, కుడివైపు భాగం తెర దాటిపోయింది. గడిలో అక్షరాల పరిమాణం 14 పిక్సెళ్లు. 16 కంటే తక్కువైతే ఐఫోను సఫారి తనంతట తానే పెద్దది చేసి చూపుతుంది. 16 చేశాను, పేజీ కదలలేదు. ఎంత ఊరట కలిగిందో!

ఫైర్‌ఫాక్స్‌లో మరొకటి బయటపడింది. ఎవరూ రెండుసార్లు నొక్కకూడదని, ఒకసారి నొక్కగానే నేను నిలిపివేసిన 'సమర్పించు' బటన్, రీలోడ్ చేసినా పనిచేయలేదు. ఫైర్‌ఫాక్స్ ఆ పాత స్థితిని గుర్తుంచుకుంటుంది. కోడ్‌లో బటన్‌కు ఆటోకంప్లీట్ ఆఫ్ (పాత స్థితిని గుర్తుంచుకోవద్దు) అని చేర్చితే సరిపోయింది. దీనికైతే సొంత కంప్యూటరే చాలు, డబ్బు కట్టనక్కర్లేదు.

మా ఇంటి నెట్ మందగించే సాయంత్రాల్లో బ్రౌజర్‌స్టాక్‌లో ఫోను తెర కాస్త వెనకబడుతుంది. నేను ఉదయం పూటే పరీక్షిస్తున్నాను.