ఫిట్స్ మందు వాడుతూ గర్భం: వాల్‌ప్రొయేట్, లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్‌లలో ఏది మేలు?

గర్భంలో వేసుకున్న మాత్రతో బిడ్డకు ఆటిజం వస్తుందా అన్న చర్చ ఈమధ్య పారాసెటమాల్ చుట్టూనే తిరుగుతోంది. స్వీడన్‌లో 24 లక్షలకు పైగా పిల్లలపై చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూస్తే ఆ ముప్పు కనిపించలేదు. జాగ్రత్త పడాల్సింది వాల్‌ప్రొయేట్‌తో. ఎన్‌కోరేట్, వాల్‌పరిన్ అట్టల మీద ఉండేది ఇదే. డైవాల్‌ప్రొయెక్స్ అని రాసి ఉన్నా కడుపులోకి వెళ్లాక పనిచేసేది ఇదే.

అమెరికాలో 2024లో వచ్చిన లెక్క చూడండి. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆటిజం తేలిన పిల్లలు వాల్‌ప్రొయేట్ వాడిన తల్లులకు నూటికి 10.5, లామోట్రిజిన్ వాడినవారికి 4.1. మూర్ఛ ఉండి ఏ మందూ వాడనివారికి 4.2. అంటే లామోట్రిజిన్ కొత్తగా కలిపిన ముప్పేమీ కనబడలేదు. మొత్తం పిల్లల్లో ఇది 1.9 మాత్రమే కదా అని చాలామంది కంగారుపడతారు. మందు వాడని మూర్ఛ తల్లుల పిల్లలతో పోల్చకపోతే జబ్బు తాలూకు తేడా మందు ఖాతాలో పడుతుంది.

పుట్టుకతో వచ్చే అవయవ లోపాల్లోనూ అంతే. ఫిట్స్ మందులు వాడే గర్భిణుల వివరాలు నమోదు చేసే అంతర్జాతీయ రిజిస్ట్రీ యూరాప్ (EURAP) 2018లో వెలువరించిన ఫలితాల్లో వాల్‌ప్రొయేట్‌కు 10.3 శాతం, లామోట్రిజిన్‌కు 2.9, లెవెటిరాసెటమ్‌కు 2.8. వాల్‌ప్రొయేట్ రోజుకు 1450 మిల్లీగ్రాములు దాటితే 25 శాతం. 650 లోపు వాడినా 6.3. కాబట్టి డోసు తగ్గించుకుంటే సరిపోతుందనుకోవద్దు.

మరి అందరికీ లామోట్రిజినేనా? కాదు. పొద్దున్నే చేతులు ఎగిరిపడే మయోక్లోనిక్ రకం ఫిట్స్‌ను అది కొందరిలో పెంచుతుంది. అక్కడ లెవెటిరాసెటమ్ నయం, కాకపోతే చిరాకు, దిగులు రావచ్చు, ఇంట్లోవాళ్లు గమనించాలి. లెవెటిరాసెటమ్ కొద్ది రోజుల్లోనే పూర్తి డోసుకు చేరుతుంది. లామోట్రిజిన్‌కు వారాలు కావాలి: మామూలుగా రెండు వారాలు 25 మి.గ్రా., తర్వాత రెండు వారాలు 50. పక్కన వాల్‌ప్రొయేట్ నడుస్తుంటే రోజు విడిచి రోజు 25తోనే మొదలు, ఎందుకంటే అది లామోట్రిజిన్‌ను ఒంట్లో నిలవబెడుతుంది. తొందరపడితే ఒళ్లంతా దద్దుర్లు, ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చేంత. దద్దురు కనబడిన రోజే డాక్టరుకు చూపించాలి.

అందుకే మార్పు గర్భానికి ముందే మొదలవ్వాలి. బిడ్డ వెన్ను, మెదడు రూపుకట్టే నాళం పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ దశ దాదాపు ముగిసినట్టే. ఫోలిక్ యాసిడ్ కూడా ముందునుంచే, మూర్ఛ ఉన్నవారికి మన దగ్గర సాధారణంగా 5 మి.గ్రా. రాస్తారు. ఇది వాల్‌ప్రొయేట్ చేసే హానిని పూర్తిగా ఆపదు.

వాల్‌ప్రొయేట్ మీద ఉండగానే గర్భం వస్తే మాత్ర ఒక్కసారిగా ఆపకండి. ఆగకుండా వచ్చే ఫిట్స్ తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ ముప్పు. అదే వారం న్యూరాలజిస్టును కలిసి మార్పు సంగతి తేల్చుకోవాలి. మైగ్రేన్ కోసం రాసిన వాల్‌ప్రొయేట్‌కైతే గర్భంలో చోటే లేదు.

మంచి మందు ఎంచుకున్నాక కూడా పని ఉంటుంది. గర్భంలో లామోట్రిజిన్‌ను కాలేయం, లెవెటిరాసెటమ్‌ను మూత్రపిండాలు త్వరగా బయటికి పంపేస్తాయి. పాత డోసు చాలక మానిన ఫిట్స్ మళ్లీ వస్తాయి. వీలుంటే గర్భానికి ముందొకసారి, తర్వాత తరచుగా రక్తంలో మందు స్థాయి చూపించుకుని డోసు పెంచించుకోవాలి. కాన్పయ్యాక పెంచిన లామోట్రిజిన్‌ను రెండు మూడు వారాల్లో దించకపోతే తల తిరగడం, ఒకటి రెండుగా కనబడటం, తూలడం మొదలవుతాయి. దించే లెక్కను కాన్పుకు ముందే చీటీ మీద రాయించుకోండి.