గోదావరి ఎక్స్‌ప్రెస్, సైడ్ లోయర్: నిద్రపోని వాళ్లకి

నాంపల్లి నుంచి విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ గురించి నన్నడిగితే ఏసీ వద్దంటాను. స్లీపర్ తీసుకోండి, అందులోనూ సైడ్ లోయర్, అంటే నడవా పక్కన కిటికీని ఆనుకుని ఉండే కింది బెర్తు. బెర్తు నంబరును 8తో భాగిస్తే 7 మిగలాలి: 7, 15, 23, 31 అలా. అడిగినా దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. ఆర్‌ఏసీ (ఖాయమైన బెర్తుకీ వెయిటింగ్ లిస్టుకీ మధ్య టికెట్) పడితే వచ్చేదీ ఈ సీటే, కాకపోతే సగం ఇంకొకరిది.

సాయంత్రం ఐదు దాటాక బయల్దేరుతుంది. ఖమ్మం దాకా ఫోన్లు, పులిహోర డబ్బాలు, రాజకీయాలు. పదింటికి మిడిల్ బెర్తులు లేస్తాయి, లైట్లు ఆరిపోతాయి.

విజయవాడ దాటాక షట్టర్ పైకెత్తండి. ఏలూరు దగ్గర్లో చేపల చెరువుల వాసన తడి గాలితో కలిసి కొడుతుంది. రైలు ఆగని చిన్న స్టేషన్లలో ఒక మనిషి పచ్చలైటు చూపిస్తూ నిలబడి ఉంటాడు, క్షణంలో వెనక్కి పోతాడు. అమ్మ బీపీ మాత్రలు, పదో తరగతి లెక్కల మాస్టారు, ఇంటి అప్పు ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తాయి, ఏదీ పూర్తవదు. ఇంట్లో ఆ అప్పే నాకు నిద్ర పట్టనివ్వదు. ఇక్కడ టెన్షన్ ఉండదు. రైలు వెళ్తున్నంతసేపు మనం చేయాల్సిందేమీ లేదు కదా, అందుకేనేమో.

పట్టాల అతుకులు వెల్డింగ్ చేశాక పాత టకటక బాగా తగ్గింది, యార్డుల్లో లైను మారే చోటే వినిపిస్తుంది. నిడదవోలులో అది వినపడిందంటే ఇక కునుకు తీయొద్దు. ఒంటిగంట దాటాక, కొవ్వూరు తర్వాత గోదావరి. రోడ్డు కం రైలు వంతెన మీద వెళ్తే ఇనుప చట్రాల హోరుకి బోగీ అంతా అదురుతుంది. ఆర్చి వంతెన కాంక్రీటుది, అంత హోరుండదు. నా ఓటు ఇనుప దానికే. ఈ రైలూ ఆ వంతెనా రెండూ 1974లోనే మొదలయ్యాయి. అంతసేపూ గుర్రుపెట్టిన పెద్దాయన కూడా సరిగ్గా అక్కడే లేచి, జేబులో రూపాయి కోసం తడుముకుంటాడు.

ఐదుకి నాలుగు మార్కులు. పొడుగువాళ్లకి కాళ్లు చాపుకోవడానికి చోటు చాలదు, దారిన పోయే ప్రతి బ్యాగూ భుజానికి తగులుతుంది, అందుకే ఒకటి తగ్గించాను. పొద్దున్నే విశాఖలో దిగి ఆఫీసుకెళ్లాల్సిన వాళ్లు మాత్రం థర్డ్ ఏసీ తీసుకుని హాయిగా పడుకోండి. సైడ్ అప్పర్ వస్తే, టీసీ గారిని మర్యాదగా అడిగి చూడండి.